బాగా కుదిరిన వించి రిపేరు

చెడిపోయిన రిపేర్ల గురించి ముసలి మెకానిక్కులందరూ చెప్తారు. ఏ లారీ ఎక్కడ తగలబడిందో, ఏ ఓనరు ఎవరి చొక్కా పట్టుకున్నాడో, ఇవన్నీ టీ కొట్టు దగ్గర మీరు బోలెడు వినుంటారు. నేను చెప్పబోయేది అలాంటిది కాదు. నా చేతుల మీద బ్రహ్మాండంగా కుదిరిన రిపేరు ఒకటుంది, దాని గురించి చెప్తాను. అంత తక్కువ ఖర్చులో, అంత శుభ్రంగా నేను చేసిన పని ఇంకోటి లేదు. తలుచుకుంటే మాత్రం ఆ పూట అన్నం సహించదు.

నేను నరసన్నపేట దగ్గర హైవే పక్కన ఒక షాపులో ఆటో ఎలక్ట్రీషియన్‌గా బతుకంతా గడిపిన మనిషిని. లారీల సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, హారన్లు, లైట్లు, ఇవే నా లోకం. ఇప్పుడు చూపు ఆనక మానేశాను. షాపులో నాకు జతగాడు ఒకడుండేవాడు, లేత్ మిషన్ వాడిది. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు గానీ మొదటి రోజు నుంచీ బావా అంటే బావా అనుకున్నాం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వాడికి వెటకారం. నేను కస్టమర్ని తిట్టడం, వాడు ఆ కస్టమర్ని నవ్వించి టీ తాగించి పంపడం, అలా నడిచిపోయేది.

ఒక ఏడు, సముద్రంలో వేట నిషేధం పెట్టే ఎండాకాలం రోజుల్లో, ఒక పెద్దమనిషి ఆటోలోంచి గోనెసంచి దించుకుని మా షాపుకొచ్చాడు. సంచి విప్పితే లోపల తుప్పు పట్టిన వించి. తెలియనివాళ్ళకి చెప్తాను. అడవుల్లో తిరిగే జీపులకి ముందు బంపరు మీద ఒక కరెంటు మోటారు, దాని పక్కన డ్రమ్ము, డ్రమ్ముకి చుట్టిన ఇనప తాడు ఉంటాయి. బండి బురదలో దిగబడితే ఆ తాడు ఎదురుగా ఉన్న చెట్టుకి కట్టి స్విచ్ నొక్కితే, బండి తనని తానే లాక్కుని బయటపడుతుంది. అదీ వించి అంటే. విశాఖపట్నంలో పాత ఇనప సామాన్ల దగ్గర బేరమాడి తెచ్చాడట.

"నీకు జీపుందేటి మావా?" అన్నాను.

"జీపేటి అల్లుడూ, సైకిలే లేదు," అన్నాడు. "బోటుంది. దాన్ని ఒడ్డుకి లాగడానికి మనుసుల్లేరు. మొగోళ్ళందరూ గుజరాత్ బోట్ల మీదకి పనికెల్లిపోనారు. మాలాటి ముసలోళ్ళం, ఆడోళ్ళం మిగిల్నాం. తుఫాను కబురొస్తే బోటు ఇసక మీదకి ఎక్కించలేక, కెరటాలు కొట్టి పగిలిపోతన్నాయి. పోయినేడు రెండు బోట్లు పోయినాయి మా ఊర్లో."

"ట్రాక్టరు పెట్టి లాగించుకో."

"రోజూ ట్రాక్టరుకి అద్దె కట్టీసి, ఇంకేటి తింటాం మేము?"

బావ ఆ వించిని చేత్తో తిప్పి చూసి, "దీన్ని బాగుసెయ్యడం కన్నా దీనికి దినం సెయ్యడం తేలిక మావా," అన్నాడు. ఆయన నవ్వలేదు. నాలుగు బోట్లవాళ్ళు కలిసి పోగేసిన డబ్బు లుంగీ మడతలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. కొత్త మోటారు మాట అటుంచి, మోటారు మీద మూతకి కూడా రాదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. అయినా, ఎందుకో ఆ సంచి వెనక్కి ఇచ్చెయ్యబుద్ధి కాలేదు.

నిజం చెప్పొద్దూ, ఆ పని చేస్తున్నన్నాళ్ళూ మేమిద్దరం పండగ చేసుకున్నాం. దానికి తగ్గ కార్బన్ బ్రష్‌లు ఈ జిల్లాలోనే లేవు. లారీ సెల్ఫ్ మోటారు బ్రష్‌లు తెచ్చి ఆకురాయితో అరగదీసి సరిపెట్టాను. కాలిపోయిన వైండింగు విప్పి మళ్ళీ నేనే చుట్టాను. గేర్లు కిరసనాయిల్లో నానబెట్టి తుప్పు వదిలించి, అరిగిన బుష్‌లు బావ లేత్ మీద తిప్పి చేశాడు. బిగించడానికి ఫ్రేము కావాలంటే తుక్కు కింద పడున్న లారీ ఛాసిస్ ముక్క కోసి వెల్డింగు పెట్టాం. మా ఓనరు చూసి, "లారీలు నిలబడిపోనాయి, మీరిద్దరూ బొమ్మలాట ఆడతన్నారేటి?" అని కేకలేశాడు గానీ, సాయంత్రం ఆయనే వచ్చి తిరుగుతుందో లేదో చూద్దామని స్విచ్ నొక్కాడు. తిరిగింది. షాపు ముందున్న ఖాళీ వ్యానుకి తాడు కట్టి లాగితే, ఊగకుండా, గునగునలాడుకుంటూ వచ్చేసింది. బావ నా వీపు మీద ఒక్కటి చరిచి, "బావా, నీ సేతులకి బంగారు కడియాలు తొడగాలిరా," అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ వయసులో పొగడ్త వింటే అలాగే ఉంటుంది.

నిషేధం అయిపోయి బోట్లు నీళ్ళలో దిగిన రోజుల్లో మేమిద్దరం ఆ ఊరెళ్ళి, కెరటం అందని ఎత్తులో గొయ్యి తీసి తాటి మొద్దులు పాతి, వాటికి ఫ్రేము బిగించి వించి కూర్చోబెట్టాం. పక్కన లారీ బ్యాటరీ. పొద్దున బోటు వచ్చింది. ఇనప తాడు బోటు ముక్కుకి తగిలించి, కింద దుంగలు వేసి స్విచ్ నొక్కాం. ఒక్క మనిషి చెయ్యి వెయ్యకుండా బోటు ఇసక ఎక్కేసింది. మావ దండం పెట్టేశాడు, వించికో మాకో తెలీదు. ఊర్లోవాళ్ళు ఈలలు వేశారు.

ఈల వెయ్యనివాళ్ళు కూడా ఉన్నారు. ఒక పక్కగా పదిమంది దాకా ఆడవాళ్ళు, ఒకరిద్దరు ముసలివాళ్ళు, చేతిలో గిన్నెలు, బుట్టలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళెవరో నాకప్పుడు తెలీదు. అందులోంచి ఒకావిడ, ఎండిపోయి నల్లగా, చెవులకి పెద్ద పెద్ద కన్నాలున్నావిడ, వించి దగ్గరకొచ్చి చుట్టూ తిరిగి చూసింది. ఊరందరికీ ఆవిడ అప్పే, అంటే అక్క. మొగుడు ఎప్పుడో వేటలో పోయాడు, పిల్లల్లేరు.

"ఇదేటి తింటాది బాబూ?" అని అడిగింది నన్ను.

"కరెంటు తింటాది అప్పా," అన్నాను, హుషారు మీదున్నాను కదా.

"సేప తినదు కదా?"

"సేపెలా తింటాది?"

"అలగైతే ఇయ్యాల మా సేపలు ఎవులు తింటారు?" అంది.

అప్పుడు మావ తలొంచుకుని నాకు సంగతి చెప్పాడు. ఆ ఒడ్డున ఒక పద్ధతి ఉంది. బోటు వచ్చినప్పుడు ఎవరైనా సరే తాడు మీద చెయ్యి వేసి ఒడ్డుకి లాగితే, పడిన వేటలోంచి వాళ్ళకి ఇన్ని చేపలు ఇచ్చితీరాలి. బోటు లేనివాళ్ళు, మొగుళ్ళు పోయినవాళ్ళు, ముసలివాళ్ళు దాని మీదే బతుకుతారు. కొన్ని కూరకి ఉంచుకుని మిగతావి వీధుల్లో అమ్ముకుంటారు. అది దానం కాదు, ధర్మం కాదు. లాగినందుకు కూలి. చిన్న గుంటపిల్ల వచ్చి తాడు పట్టినా ఇస్తారు. పట్టకుండా నిలబడితే కన్నతల్లికైనా ఇవ్వరు, ఆవిడా పుచ్చుకోదు.

"ఓర్నాయనో, ఈ మాట ముందే సెప్పాలి కదా మావా!" అన్నాను.

"సెప్తే నువ్వు బాగుసేసీవోడివేటి?" అన్నాడు. "వొగ్గీ అల్లుడూ. ఆల్లకి నేను ఇస్తాను. ఊరకే ఇస్తాను."

అప్ప వినేసింది. "తాడు పట్టకుండా ఇస్తే అది ముష్టి. ముష్టెత్తుకోడానికి నాకు కాళ్ళూ సేతులూ పడిపోనాయేటి?" అని గిన్నె నడుం మీద పెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది.

వానలు పడ్డాక ఒక ఆదివారం బ్యాటరీ టెర్మినల్స్ శుభ్రం చెయ్యడానికి మళ్ళీ ఆ ఊరెళ్ళాను. వించి తిరుగుతోంది, బోటు పైకొస్తోంది, ఆ బిగిసిన ఇనప తాడు మీద వరసగా ఆడవాళ్ళు చేతులు వేసి, తాడుతో పాటే నడుస్తున్నారు. "ఐలెస్సా" అని పాట కూడా పాడుతున్నారు. వించి దగ్గరకి రాగానే చెయ్యి తీసేసి వెనక్కి పరిగెత్తి మళ్ళీ పట్టుకుంటున్నారు. లాగేది మోటారు. వీళ్ళు ఊరికే చెయ్యి ఆనిస్తున్నారు, అంతే.

నేను ఉరికి స్విచ్ లాగేశాను. "మీకేటి మతిపోనాదా? అది కొబ్బరి తాడనుకున్నారా? ఇనప తీగ! తెగితే మెడలు తెగిపోతాయి!" అని నోటికొచ్చినట్టల్లా తిట్టాను. మావని కూడా తిట్టాను.

ఆయన చాలా నెమ్మదిగా అన్నాడు. "నాకు తెలీదేటి అల్లుడూ? ఊరకే ఇస్తే పుచ్చుకోరు. ఇవ్వకపోతే పస్తులుంటారు. సెయ్యి ఆనిస్తే, తాడు పట్టినట్టే అని నేను ఇస్తన్నాను, ఆల్లు తీసుకుంటన్నారు. ఇంకో దారుంటే నువ్వే సెప్పు."

వాళ్ళు చేసేది పిచ్చిపని. కానీ ఆ పిచ్చిపనిలో ఇచ్చేవాడి మర్యాద, పుచ్చుకునేవాళ్ళ మర్యాద రెండూ నిలబడుతున్నాయి. మర్యాద కోసం ఇంత ప్రమాదం నెత్తికెత్తుకున్న మనుషుల్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

షాపుకొచ్చి బావకి చెప్పాను. ఇద్దరం బుర్రలు బద్దలుకొట్టుకుని ఒక ఉపాయం కనిపెట్టాం. బోటు పక్కనున్న కొక్కేనికి ఇంకో తాడు, నైలాన్‌ది, విడిగా కట్టి ఇంకో వైపుకి వదిలితే, ఆడవాళ్ళు ఆ తాడు పట్టుకుని లాగుతారు. మోటారు పని మోటారుది, వాళ్ళ పని వాళ్ళది. వించి దగ్గరకి ఎవరూ రానక్కర్లేదు. బావే తాడు కొని తీసుకెళ్ళి కట్టొచ్చాడు. మా తెలివికి మేమే మురిసిపోయాం. మావ కూడా, "బాగుంది అల్లుడూ, బతికించినారు," అన్నాడు.

అందరూ ఆ తాడుకి అలవాటుపడ్డారు, అప్ప తప్ప. కొన్నాళ్ళు ఆ నైలాన్ తాడే పట్టుకుందట. ఆ తర్వాత మానేసి మళ్ళీ ఇనప తాడు దగ్గరకే వచ్చేసింది. మావ బతిమాలాడు, కోప్పడ్డాడు. ఒకసారి నేను ఎదురుగానే అడిగాను.

"ఆ తాడు ఉత్తిది బాబూ," అంది. "దానికి బిగువు లేదు. బోటు ముందే వచ్చీస్తాది, తాడు ఎనకాల ఏలాడతాది. పెల్లయిన కాడ్నించి బోట్లు లాగతన్నాను. బరువున్న తాడేదో, లేని తాడేదో నా సేతికి తెలీదేటి? పిల్లల్ని ఆడించినట్టు మమ్మల్ని ఆడిస్తన్నారు మీరు."

"ఇనప తాడు మీద మాత్రం నువ్వు లాగతన్నావేటి అప్పా?"

"నేను లాగకపోనా, అది బోటుని లాగతన్నాది కదా. లాగే తాడు మీద నా సెయ్యున్నాది. అది సాలు."

నాకు ఒళ్ళు మండింది. ముసల్దానికి పొగరు అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మేం కట్టింది తాడు కాదు, ముష్టి జోలె. అది మిగతావాళ్ళకీ తెలుసు. కడుపు కోసం ఊరుకున్నారు. ఆవిడ ఊరుకోలేదు.

ఇక ఆ రోజు. వాయుగుండం కబురొచ్చి వేటకెళ్ళిన బోట్లన్నీ పొద్దున్నే తిరుగుముఖం పట్టాయి. వించి ఆగకుండా ఆడాలి కాబట్టి రమ్మని మావ ఫోను చేస్తే, నేనూ బావా ఇంకో బ్యాటరీ ఆటోలో వేసుకుని వెళ్ళాం. సముద్రం ముదురు రంగు తిరిగిపోయింది, కెరటాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. మొదటి మూడు బోట్లూ ఎక్కించేశాం. మోటారు మీద చెయ్యి పెట్టి చూస్తూ, వేడెక్కితే కాస్త ఆపి, మళ్ళీ తిప్పుతూ. అది మాత్రం ఒక్కసారి కూడా మొరాయించలేదు. నాలుగోది మావ బోటు. దాని వెనక భాగం ఇంకా నీళ్ళలోనే ఉంది, కెరటం కొట్టినప్పుడల్లా అడ్డం తిరిగిపోతోంది. ఊర్లో మిగిలిన మగాళ్ళంతా నడుం లోతు నీళ్ళలో బోటుని పట్టుకుని అరుస్తున్నారు. తీగ చివర వేలాడే స్విచ్ బావ చేతిలో ఉంది, వాడి కళ్ళు బోటు మీద ఉన్నాయి. నేను వంగి రెండో బ్యాటరీకి వైర్లు సిద్ధం చేస్తున్నాను.

ఉప్పుగాలికి ఆ ఇనప తాడులో అక్కడక్కడ సన్నటి తీగలు తెగి ముళ్ళలా లేచుంటాయి. అవి గుచ్చుకోకుండా అప్ప కొంగు చేతికి చుట్టుకుని తాడు పట్టుకుంది. ఏ తీగో ఆ కొంగుకి తగులుకుంది. చెయ్యి వదిలినా గుడ్డ వదల్లేదు. తాడు వించి ముందు, దాన్ని డ్రమ్ము మీదకి పంపే రోలర్ల దగ్గరకి ఆవిణ్ణి చేతితో సహా తీసుకొచ్చేసింది.

కేక విని తలెత్తాను. బావ అప్పటికే స్విచ్ మీంచి వేలు తీసేశాడు. తీసిన క్షణంలో మోటారు ఆగింది. మీరు నమ్మండి, ఆగడంలో రవ్వంత ఆలస్యం లేదు. బ్రేకు పట్టింది, డ్రమ్ము కదల్లేదు, బోటు జారలేదు. మేం ఎలా బాగుచేశామో అలాగే పనిచేసింది. ఆవిడ చెయ్యి లోపలుంది.

వెనక్కి తిప్పితే గానీ చెయ్యి రాదు. బావ స్విచ్ కింద పడేశాడు. తీసి రివర్స్ నొక్కింది నేను. ఆ సేపట్లో అప్ప మొహం చూశాను. ఏడవడం లేదు. బోటు వైపే చూస్తోంది. "ఎక్కిందా?" అంది. ఆ తర్వాత తెలివి తప్పింది.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో నాలుగు వేళ్ళు తీసేశారు. బొటనవేలు మిగిలింది.

ఊర్లోవాళ్ళు వించి పీకి సముద్రంలో పారేస్తామన్నారు. పారెయ్యలేదు. ఎలా పారేస్తారు? ఆ వాయుగుండానికి ఆ ఊర్లో ఒక్క బోటు పగల్లేదు. మొగాళ్ళు గుజరాత్ నుంచి రాలేదు. ఆ వించి ఇప్పటికీ తిరుగుతోందని విన్నాను, దాని చుట్టూ కంచె వేశారట. బావ మాత్రం ఆ తర్వాత ఎక్కువ రోజులు షాపులో నిలవలేదు. లేత్ ముందు నిలబడితే చేతులు వణుకుతున్నాయని మానేసి, శృంగవరపుకోట దగ్గర అత్తవారి ఊళ్ళో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. నేను ఫోను చేస్తే బాగానే మాట్లాడతాడు. వెటకారం లేని బావతో నాకు మాటలు సాగవు, పెట్టేస్తాను.

కుర్ర మెకానిక్కులు మీరు నన్ను అడగొచ్చు, ఇందులో నీ తప్పేటి తాతా, మిషన్ సరిగ్గానే ఉంది కదా అని. ఆసుపత్రిలో డాక్టరు కూడా నా తప్పేం లేదన్నాడు. మిషన్ సరిగ్గానే ఉందని నాకు తెలుసు. ఎక్కడో ఒక వైరు తప్పు కలిపుంటే, ఒక నట్టు వదులుగా ఒగ్గేసుంటే, ఇదిగో ఇదీ కారణం అని చూపించుకుని ఏడ్చేవాణ్ణి. ఆ పాటి దిక్కు కూడా లేకుండా పోయింది నాకు.

ఆపరేషను అయిన కొన్నాళ్ళకి నేనూ మావా చూడ్డానికి వెళ్ళాం. మావ రొట్టె, బత్తాయిలు పట్టుకొచ్చాడు. అప్ప మంచం మీద కూర్చునుంది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. మమ్మల్ని చూసి కొంగు సర్దుకుంది. మావ ఆ సంచి ఆవిడ పక్కన పెట్టి, "ఎలగున్నాది అప్పా?" అన్నాడు.

అప్ప సంచి తెరిచి చూసింది. మళ్ళీ మూసి, మంచం చివరికి తోసేసింది.

"ఇయ్యెవులడిగినారు?" అంది. "బోటు పైకెక్కిందా లేదా ఆ దినం?"

"ఎక్కింది అప్పా."

"తాడు మీద నా సెయ్యున్నాదా లేదా?"

మావ తలూపాడు.

"మరి నా సేపలేవి?" అంది.

అలా అంటూ ఎడమచెయ్యి చాపింది. ఆవిడకి వెటకారం కాదు, నిష్ఠూరం కాదు. చేసిన పనికి కూలి అడుగుతోంది, అంతే. మావ లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు, అక్కడ గోడకి తల ఆనించి ఏడుస్తున్నది మంచం దాకా వినబడుతోంది. ఆవిడ నా వైపు తిరిగింది. ఆ రోజు పడిన చేపలు ఎవరూ పంచుకోలేదు. అందరూ ఆవిణ్ణి ఆటోలో ఎక్కించుకుని పరిగెత్తారు, చేపలు బోట్లోనే కుళ్ళిపోతే మర్నాడు ఇసకలో గొయ్యి తీసి కప్పెట్టేశారు. ఆ సంగతి ఆవిడకి తెలీదు. చాపిన చెయ్యి అలాగే ఉంది.